మూలికా పెట్రోలు, మైలేజీ అయస్కాంతం, నేను

మా హేతువాద మిత్రులం కలిస్తే విభూతి, చేతబడి, వాస్తు, జ్యోతిషం గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. అంత మాట్లాడే నేను ఒకప్పుడు నా కారు బానెట్ కింద ఒక తాయెత్తు కట్టుకుని తిరిగాను. దాని పేరు తాయెత్తు కాదు, "ఫ్యూయల్ సేవర్". ఆ కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. నేను మోసపోయిన పద్ధతి నాకంటే చాలా పాతది.

1930లలో కెనడాలోని విన్నిపెగ్‌కి చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ అనే ఆయన ఒక కార్బొరేటర్‌కి పేటెంట్లు తీసుకున్నాడు. పెట్రోలుని ముందే పూర్తిగా ఆవిరి చేసి ఇంజన్‌లోకి పంపితే కారు గాలనుకి 200 మైళ్ళు నడుస్తుందని ప్రచారం జరిగింది. మన లెక్కలో లీటరుకి 70 కిలోమీటర్ల పైమాటే. స్వతంత్రంగా పరీక్షించి ఆ మాట నిజమని తేల్చినవాళ్ళు లేరు. పేటెంట్ ఉంటే చాలు, యంత్రం పనిచేసినట్టే అని జనం అనుకుంటారు. పేటెంట్ ఇచ్చేది ఆలోచన కొత్తదైనందుకు. మైలేజీ కొలిచి ఇచ్చే ధ్రువపత్రం కాదది. పోగ్ కార్బొరేటర్ ఎక్కడా కనిపించకపోయేసరికి, "చమురు కంపెనీలు కొని తొక్కేశాయి" అనే కథ పుట్టింది. ఆ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

నిజానికి ఒక పెద్ద చమురు కంపెనీ చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. 1939లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో షెల్ కంపెనీ పరిశోధకులు, ఎవరి కారు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోతుందో చూద్దామని తమలో తాము పందెం వేసుకున్నారు. మొదటి ఏడాది గెలిచిన కారు గాలనుకి 50 మైళ్ళ లోపే. 1949లో ఒక స్టూడీబేకర్ దాదాపు 150 మైళ్ళకు చేరింది. 1973లో 1959 నాటి చిన్న ఓపెల్ కారు ఒకటి 376 మైళ్ళు చూపించింది. అంటే లీటరుకి సుమారు 160 కిలోమీటర్లు! దాచిపెట్టింది ఏమీ లేదు, చేసిన మార్పులన్నీ బయటపెట్టారు. లోపల సీట్లూ సామానూ పీకేసి బరువు తగ్గించారు. వెనక ఇరుసు కురచ చేశారు. గట్టి టైర్లు వేశారు. చక్రానికి శక్తి అందించడానికి చైను పెట్టారు. వేగం గంటకు 30 మైళ్ళకు మించనివ్వలేదు.

ఆ జాబితాలో రహస్యం అంటూ ఒక్కటీ లేదు. బరువు, గాలి నిరోధం, టైరు రాపిడి, వేగం, అంతే. అలాంటి కారులో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని తిరుపతి వెళ్ళలేం. అందుకే అది బజారులోకి రాలేదు. ఎవరూ తొక్కేయనక్కర్లేకపోయింది.

ఇక మన వైపుకి వద్దాం. నాది యానాం. అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరికి ఉద్యోగరీత్యా వచ్చిపడ్డాను. 1996లో ఈ తమిళదేశమంతా ఒకే మాట: మూలికా పెట్రోలు. రాజపాళయం (తరతరాలుగా మన తెలుగు రాజులు ఉంటున్న ఊరే) దగ్గరి పల్లె నుంచి రామర్ పిళ్ళై అనే ఆయన వచ్చి, ఏవో ఆకులు నీళ్ళలో వేసి మరగబెట్టి, ఉప్పూ నిమ్మ ఉప్పూ కలిపి, కర్రతో తిప్పితే పెట్రోలు తేలుతుందన్నాడు. ఢిల్లీలో పెద్ద శాస్త్రవేత్తల ముందు చేసి చూపించాడు. వాళ్ళలో కొందరు నమ్మారు కూడా. పత్రికలు మోసేశాయి. గల్ఫ్ దేశాలకి ఇక రోజులు చెల్లాయని టీ కొట్లలో తీర్మానించారు.

తర్వాత గట్టిగా పరీక్షిస్తే గుట్టు బయటపడింది. తిప్పే కర్ర బోలుగా ఉంది. అందులో పెట్రోలు పోసి చివర మైనంతో మూశాడు. వేడి నీళ్ళలో తిప్పగానే మైనం కరిగి పెట్రోలు పైకి తేలుతుంది. విభూతి ఉండని వేళ్ళ సందున దాచడం ఎలాగో బి. ప్రేమానంద్ గారు ఊరూరా తిరిగి చూపించారు కదా. ఇదీ అదే విద్య, కాకపోతే చెయ్యికి బదులు కర్ర. కథ అక్కడితో ముగియలేదు. ఆయన ఆ తర్వాత చెన్నైలో "మూలికా ఇంధనం" పేరిట అమ్మకాలే మొదలుపెట్టాడు. అది టోలీన్, నాఫ్తా లాంటివి కలిపిన మిశ్రమమని సీబీఐ తేల్చింది. 2016 అక్టోబరులో చెన్నై కోర్టు మూడేళ్ళ కఠిన శిక్ష వేసింది. 1996 నుంచి 2016, ఇరవై ఏళ్ళు! నీళ్ళతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్‌ది ఘోరమైన మోసమని అమెరికాలో ఒహాయో కోర్టు తేల్చింది కూడా ఆ 1996లోనే.

మరి శాస్త్రవేత్తలు ఎలా బోల్తాపడ్డారు? ప్రకృతి అబద్ధమాడదు కనుక, ఎదుటివాడు కర్రలో పెట్రోలు దాస్తాడన్న ఊహ వాళ్ళకి రాదు. మోసం చేసేవాణ్ణి పట్టుకోవడం వేరే విద్య. రామర్ పిళ్ళైని చూసి నేను ఆనాడు బాగా నవ్వుకున్నాను. కానీ ఎదుటివాడు మోసం చేయకపోయినా మనల్ని మనమే మోసం చేసుకోగలమని అప్పటికి నాకు తెలియదు.

2004లో సెకండ్ హ్యాండ్ మారుతీ 800 కొన్నాను. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు, బరువు 650 కిలోల చిల్లర. రోజూ విళుపురం వెళ్ళి రావాలి. పుదుచ్చేరిలో పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు తమిళనాడు కంటే చవక. కడలూరు, విళుపురం బళ్ళు ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకుని పోయేవి. అయినా మైలేజీ పిచ్చి మాకూ తక్కువేం కాదు. కొందరు ట్యాంకులో కలరా ఉండలు వేసేవారు. దానివల్ల మైలేజీ రాదు సరికదా, ఆ నాఫ్తలీన్ మళ్ళీ గడ్డకట్టి కార్బొరేటర్ జెట్లు పూడుకుపోయే ప్రమాదం ఉంది. నేను చదువుకున్నవాణ్ణి కదా, కలరా ఉండలు వెయ్యలేదు. ఊళ్ళో ఒక విడిభాగాల కొట్టులో అయస్కాంతం కొన్నాను! పెట్రోలు పైపుకి బిగిస్తే అణువులు విడివడి "పూర్తిగా మండుతాయి" అని చెప్పారు.

బిగించాక మైలేజీ 16 నుంచి 18కి పెరిగింది. కళ్ళారా చూశాను, లెక్క రాసుకున్నాను. నా మాట మీద ఇంకో ముగ్గురు కొన్నారు. వాళ్ళలో ఒకాయన అంబాసిడర్ టాక్సీ నడుపుకుని బతికేవాడు.

మా సంఘంలో ఒక మిత్రుడు దీన్ని వినగానే, "ఇంజన్‌లో మండకుండా పోయే పెట్రోలు ఎంతో తెలుసా?" అని అడిగాడు. నాకు తెలియదు. సరిగ్గా ఉన్న ఇంజన్‌లో నూటికి 95 నుంచి 98 వంతులు ఎలాగూ మండిపోతుంది. మిగిలిందంతా మండించినా లాభం నూటికి అయిదు దాటదు. నా 16 మహా అయితే 17 కావాలి, 18 కాదు. పెట్రోలు శక్తిలో చక్రం దాకా చేరేది పావు వంతుకి అటూ ఇటూ. మిగతాది పోయేది వేడిగా, సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా. దాన్ని ఏ అయస్కాంతమూ ఆపలేదు.

నేను ఒప్పుకోలేదు. "లెక్కలు సరే, నా అనుభవం మాటేమిటి?" అన్నాను. విభూతి భక్తులు అనే మాట అక్షరం పొల్లు పోకుండా నా నోట వచ్చింది.

అప్పుడు ఆయనే ఒక పరీక్ష పెట్టాడు. అయస్కాంతాన్నీ, అంతే బరువున్న మామూలు ఇనుప ముక్కనీ ఒకే నల్ల టేపుతో చుట్టాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ నేను చూడకుండా రెండింట్లో ఏదో ఒకటి బిగించి తన పుస్తకంలో రాసుకునేవాడు. ఒకే పంపు, ఒకే నాజిల్, ఒకే రోడ్డు. నేను కిలోమీటర్లూ లీటర్లూ రాసేవాణ్ణి. దాంతోపాటు ట్యాంకు మొదట్లోనే "ఈసారి అయస్కాంతమే ఉంది" లేదా "లేదు" అని నా ఊహ కూడా రాయమన్నాడు. అలా పది ట్యాంకులు.

చివర రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాం. అయస్కాంతం ఉన్న ట్యాంకులకీ లేని ట్యాంకులకీ తేడా లేదు. కానీ నేను "ఉంది" అని ఊహించిన ట్యాంకులకి మాత్రం మైలేజీ ఎక్కువగా ఉంది! కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. అయస్కాంతం ఉందనుకున్నప్పుడు దాని పనితనం చూద్దామని మెల్లగా, యాక్సిలరేటర్ మీద తేలిగ్గా కాలు పెట్టి నడిపాను. మైలేజీ పెంచింది నా కాలు. డబ్బు పట్టుకుపోయింది అయస్కాంతం.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) ఇలాంటి పరికరాలు వందకు పైగా పరీక్షించింది. కాస్తంతైనా ఉపయోగపడినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా 2008లో ముడిచమురు బారెల్ 147 డాలర్లకు చేరినప్పుడు హైడ్రోజన్ కిట్ల పేరుతో అదే సరుకు మళ్ళీ దిగింది. ధర పెరిగినప్పుడల్లా దిగుతుంది.

ఇక ఆ ముగ్గురి సంగతి. వెళ్ళి విషయం చెప్పి డబ్బు తిరిగి ఇవ్వబోయాను. ఇద్దరు నవ్వి తీసుకున్నారు. టాక్సీ ఆయన మాత్రం తీసుకోలేదు. "నాకు బాగానే పనిచేస్తోంది సార్, తీసేస్తే మైలేజీ పడిపోతుంది" అన్నాడు. ఆయన టైర్లలో గాలి చూస్తే చాలా తక్కువగా ఉంది. అయస్కాంతం ఉంది కదా అని గాలి పట్టించడం మానేశాడట. నమ్మితే నష్టమేముంది అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే. ఉత్త నమ్మకం ఊరికే కూర్చోదు, చెయ్యాల్సిన పనిని పక్కకి నెడుతుంది. ఆ రోజు దగ్గరుండి గాలి పట్టించాను. అయస్కాంతాన్ని మాత్రం ఆయన తీయనివ్వలేదు.

రామర్ పిళ్ళై కర్రని ఎవరో ఒకరు విరిచి చూస్తారు. మన చేతిలో ఉన్న కర్రని మనమే విరిచి చూసుకోవాలి. మీ బండికి అలాంటి పరికరం ఏదైనా ఉంటే తీసి పారేయమని నేననను. ఒక మిత్రుణ్ణి పిలిచి, మీకు కనపడకుండా పెట్టమని, తీయమని చెప్పండి. పది ట్యాంకులు చాలు. ఈలోగా టైర్లలో గాలి చూసుకోండి, డిక్కీలో పనికిరాని బరువు దించేయండి, 50 దాటకుండా నడపండి. వీటికి పైసా ఖర్చు లేదు.