తీరం లేని ఊళ్లు, కడలి ఒడంబడికలు

భిలాయి పవర్ హౌస్ ప్రాంతంలో, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చి స్థిరపడిన తెలుగువారున్నారు. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవారికి సముద్రం పుట్టింటి జ్ఞాపకం. ఇక్కడి వాననీరు మాత్రం సముద్రాన్ని మరువలేదు. అది శివ్‌నాథ్ నదిని, ఆ నది మహానదిని, మహానది బంగాళాఖాతాన్ని చేరుకొంటాయి. నీటితోపాటు చెత్తా సాగుతుంది. నడుమ హిరాకుడ్ జలాశయం కొంత ఆపవచ్చు, అంతా ఆపజాలదు.

ఈ సంబంధాన్ని గుర్తించడానికి దక్షిణాసియా దేశాలకు చాలాకాలం పట్టింది. 1982లో కొలంబో కేంద్రంగా దక్షిణాసియా సహకార పర్యావరణ కార్యక్రమం ఏర్పడింది. దాని ఆధ్వర్యాన 1995 మార్చిలో న్యూఢిల్లీలో ఆమోదం పొందిన సముద్రాల కార్యాచరణ ప్రణాళికలో చేరినవి తీరం గల ఐదు దేశాలే: భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు. గంగకు ఉపనదులను పంపే నేపాల్, బ్రహ్మపుత్రకు పంపే భూటాన్ వెలుపలే ఉండిపోయాయి. తీరం లేనివారికి కడలితో పనేమిటన్నది నాటి తర్కం కాబోలు.

2020లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన ప్లాస్టిక్ నివారణ పథకం ఆ లోపాన్ని కొంత దిద్దింది. దాని పేరులో సముద్రాల కన్న ముందే నదులు చోటు చేసుకొన్నాయి. పరిధిలోకి ఎనిమిది దేశాలూ వచ్చాయి. మరుసటి ఏడు మేలో కొలంబో చేరువన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ తగలబడి, ప్లాస్టిక్ గుళికలు టన్నులకొద్దీ కడలి పాలయినప్పుడు, మంటలార్పడానికి భారత తీర రక్షక దళ నౌకలు తరలివెళ్లాయి.

దేశాల నడుమ ఇంత జరిగింది. మన మహానది విషయానికి వస్తే, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల తగవు తీర్చడానికి 2018లో ట్రిబ్యునల్ ఏర్పడింది. ఆ తగవు మాత్రం నీటి వాటాల గురించి.