వట్టికోట ఆళ్వారుస్వామి: సంఘ చరిత్రకారులకు ఒక నవలాకారుని సాక్ష్యము

మన ప్రాంత సంఘముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా మిషనరీల నివేదికలను, బాప్తిస్మపు రిజిస్టర్లను ఆధారము చేసికొందురు. ఏ ఊరిలో ఎందరు చేరినదీ అవి చెప్పుచున్నవి. వారు ఎందుకు చేరిరి, చేరిన తరువాత వారి బ్రతుకు ఎంతవరకు మారినది అను ప్రశ్నలకు మాత్రము అక్కడ జవాబు కొద్దిగానే దొరుకును. ఈ లోటును గుర్తించుటకు పత్రికా రంగమునుండి నవలా రచనకు వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) జీవితము తోడ్పడునని మేము తలంచుచున్నాము.

జీవిత విశేషములు

ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ సమీపమున ఒక పేద కుటుంబములో జన్మించెను. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేయుచు చదువు నేర్చుకొనెను. తరువాత హోటల్ పనివానిగా బ్రతికెను. గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేసెను. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ముప్పదికి పైగా పుస్తకములు ప్రచురించి, వాటిని తానే మోసికొని ఊరూర అమ్మెను. ఆంధ్ర మహాసభలో, కమ్యూనిస్టు ఉద్యమములో పాల్గొని అనేక సంవత్సరములు జైలులో గడిపెను. విడుదలైన పిమ్మట 1955లో 'ప్రజల మనిషి' నవలను ప్రకటించెను. 'గంగు' నవల ఆయన మరణానంతరము వెలువడినది.

నవల లేవనెత్తు ప్రశ్న

'ప్రజల మనిషి' నిజాం పాలనలోని తెలంగాణ పల్లెను చిత్రించినది. దొర పెత్తనము, వెట్టిచాకిరి భరింపలేక దళితులు ఇస్లాములో చేరుట, వారిని వెనుకకు తెచ్చుటకు ఆర్యసమాజము చేసిన ప్రయత్నము అందులో ఉన్నవి. ఇరుపక్షములవారికి లెక్క ముఖ్యమైనది. పాలేరుకు కావలసినది వెట్టినుండి విడుదల, మనిషిగా గుర్తింపు.

బండి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతము నిజాం ఏలుబడిలో లేదు. 19వ శతాబ్దములోనే బ్రిటిషు పాలనలోనికి వచ్చినది. కావున నవలలోని పరిస్థితులను ఇక్కడికి యథాతథముగా అన్వయింపరాదు. అయినను ఆ శతాబ్దమున ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రములుగా ఎస్.పి.జి. మిషనరీలు పనిచేసినప్పుడు సంఘములో చేరినవారిలో అధికులు మాలపల్లెలవారే. వారిని గూర్చియు అదే ప్రశ్న వేయవలసియున్నది.

ముగింపు

నవల దస్తావేజు కాదు. రచయితకు తనదైన రాజకీయ విశ్వాసమున్నది. దానిని మనము మరువరాదు. మిషనరీ నివేదిక వ్రాసినవారికిని తమదైన దృష్టి ఉన్నది గదా! రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చదువుట న్యాయము.

పల్లెలలోని వృద్ధ విశ్వాసులు తమ తాతముత్తాతల చేరికను గూర్చి విన్న సంగతులు ఇంకను చెప్పగలరు. ఆ భూమి ఎవరిది, ఆ కూలి ఎంత, ఏ బావి నీరు త్రాగిరి అని కాపరులు, వేదాంత విద్యార్థులు వారినడిగి వ్రాసియుంచవలెను. ఆ తరము గతించినచో మనకు మిగులునది రిజిస్టరులోని సంఖ్య మాత్రమే.