ఆకోమా కొండ మీది చర్చి

గూడెం ఏజెన్సీలో తెల్లదొరల కాలంలో వేసిన రోడ్లకు రాళ్లు మోసింది మన పెద్దలే. చాలీచాలని కూలికి బలవంతంగా చేయించిన ఆ పని 1922-24 మన్యం తిరుగుబాటుకు ఒక కారణమైంది. అలాంటి కథే ఉన్న ఒక చర్చిని మన పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

అమెరికాలోని న్యూమెక్సికోలో ఆకోమా ఆదివాసుల పాత ఊరు సుమారు 360 అడుగుల ఎత్తైన బల్లపరుపు రాతి కొండ మీద ఉంది. 1599లో స్పెయిన్ సైన్యం ఆ ఊరిని నాశనం చేసి వందల మందిని చంపింది. 25 ఏళ్లు దాటిన మగవారికి ఒక పాదం నరికి, 20 ఏళ్లు వెట్టి చేయించాలని తీర్పు చెప్పింది.

1629లో హువాన్ రామిరెజ్ అనే కథోలిక గురువు అక్కడికి వచ్చాడు. పునీత స్తెఫాను పేరిట పదేళ్లకు పైగా చర్చి కట్టించాడు. ఆ బండ మీద మన్ను లేదు, మాను లేదు. మట్టి, నీళ్లు కింది నుంచి మోయాలి. పైకప్పు దూలాలను ఎంతో దూరంలోని టేలర్ పర్వతం నుంచి నేలకు తగలకుండా భుజాల మీద తెచ్చారని ఆకోమావారు చెప్పుకుంటారు. ముందు రెండు గంట గోపురాలు, లోపల మట్టి నేల, దళసరి మట్టి గోడలు. సమాధుల కోసం కూడా మన్ను పైకి మోసి నింపారు.

1680లో ప్యూబ్లో ఆదివాసులు స్పెయిన్‌పై తిరగబడ్డారు. చాలాచోట్ల చర్చిలు కాలిపోయాయి. ఈ చర్చి మాత్రం నిలిచింది.

ఇప్పుడు దాన్ని కాపాడుతున్నది ఆకోమావారే. మన మట్టి ఇళ్లలాగే ఆ గోడలకూ మళ్లీ మళ్లీ పూత వేయాలి. ఏటా సెప్టెంబరు 2న పునీతుని ప్రతిమను ఊరేగిస్తారు, డప్పులతో తమ సంప్రదాయ నాట్యాలు ఆడతారు. కివాలనే తమ పూర్వీకుల పూజాగృహాలనూ వదులుకోలేదు.

1970లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. అయితే దూలాలు మోసినవారి కథను నిలబెట్టింది ఆకోమా పెద్దల నోటి మాటే. మన గూడేల్లోనూ అలాంటి మాట పెద్దల దగ్గరే ఉంది. వారుండగానే అడిగి రాసుకుందాం.