బటబటమన్న సైకిలు

1946లో జపాన్‌లోని హమమట్సు పట్నంలో సాచి అనే ఇల్లాలు ఉన్నవాటిలో మంచి బట్టలు చూసి వేసుకుని, ఇంజను తగిలించిన సైకిలెక్కి జనం తిరిగే వీధుల్లోకి బయల్దేరింది. నడిపి చూడమని భర్త అడిగాడు. తిరిగొచ్చి చూసుకుంటే బట్టల నిండా నూనె మరకలు. పెట్రోల్లో కలిపిన ఆయిలు కార్బొరేటర్లోంచి వెనక్కి చిమ్మింది. ఆ భర్త పేరు సోయిచిరో హోండా.

ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కణ్ణించి ఒక్క గంతులో పెద్ద కంపెనీ దగ్గరకి వెళ్ళిపోతారు. నాకు మాత్రం వాళ్ళు దాటేసిన ముక్క మీదే మనసు. ఇంజను ఎవరు కనిపెట్టారన్నది సరే, దాన్ని సైకిలుకి ఎలా బిగించారు, ఎవరు బిగించారు?

సైకిలుకి ఇంజను పెట్టాలన్న ఊహ హోండాది కాదు. 1901లో రాయల్ ఎన్‌ఫీల్డ్ చేసిన మొదటి మోటర్ సైకిలు చూడ్డానికి సైకిలే. హాండిల్ ముందు ఒకటిన్నర హార్స్ పవర్ మినర్వా ఇంజను, అక్కణ్ణించి వెనక చక్రం దాకా పొడుగాటి బెల్టు. బెల్జియంలోని మినర్వా కంపెనీ సైకిళ్ళకి తగిలించుకునే ఇంజన్లు తయారుచేసి అమ్మేది. పోనుపోను ఇంజను బరువెక్కింది, దాన్ని మొయ్యడానికి ఫ్రేమూ బలిసింది, మోటర్ సైకిలు వేరే జాతి అయిపోయింది. చిన్న ఇంజను మళ్ళీ పెద్దయెత్తున సైకిలు దగ్గరకి రావడానికి రెండో ప్రపంచయుద్ధం ముగియవలసి వచ్చింది.

యుద్ధం పోయాక జపాన్‌లో పెట్రోలుకి రేషను, తిండికి కరువు. రైళ్ళు కిక్కిరిసి ఉండేవి. పట్నాలవాళ్ళు బియ్యం, దుంపలు వెతుక్కుంటూ పల్లెలకి సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. సాచి కూడా అలా తిరిగిన మనిషే. హోండా అప్పటికి ఖాళీ. ఆయన పిస్టన్ రింగుల ఫ్యాక్టరీ ఒకటి 1945 జనవరి భూకంపంలో కూలిపోయింది, మిగిలిన వాటా టొయోటా వాళ్ళకి అమ్మేశాడు. అలాంటి రోజుల్లో ఒక స్నేహితుడి ఇంట్లో చిన్న ఇంజను కంటబడింది. సైన్యం వైర్‌లెస్ సెట్లకి కరెంటిచ్చే జనరేటర్ ఇంజను అది, మికుని కంపెనీ చేసింది. యుద్ధమే లేనప్పుడు దానితో ఎవరికి పని? అలాంటివి 500 దాకా సంపాదించి, ఒక్కొక్కటీ ఊడదీసి, బాగుచేసి, సైకిళ్ళకి బిగించడం మొదలుపెట్టాడు. మొదటి నమూనాకి పెట్రోలు టాంకు కూడా లేదు. చలికాలం పక్కలో పెట్టుకునే వేణ్ణీళ్ళ డబ్బానే టాంకు చేశాడు. పెట్రోలు చాలక టర్పెంటైన్ కలిపితే పొగ, వాసన. ఆ చప్పుడు విని జనం దానికి పెట్టిన పేరు ‘బటబట’. ఉత్తరాదివాళ్ళు మోటర్ సైకిల్ని ఫట్‌ఫటీ అన్నట్టే.

ఇప్పుడు బిగింపు సంగతి. హోండా మొదట ఇంజన్ని హాండిల్ ముందు పెట్టి, రబ్బరు రోలరుతో ముందు టైరుని తిప్పించాడు. ఇదే పద్ధతిలో ఫ్రాన్సులో వెలోసోలెక్స్ బ్రహ్మాండంగా నడిచింది. దీనికున్న సుఖం ఏమిటంటే చక్రాన్ని ముట్టుకోనక్కర్లేదు, రోలరు టైరుకి ఆనితే చాలు. కష్టం కూడా అక్కడే. వానలో రోలరు జారుతుంది, ఎండలో టైరుని తినేస్తుంది. హోండా దాన్ని వదిలేసి, ఇంజన్ని ఫ్రేములోకి దించి, బెల్టుతో వెనక చక్రాన్ని తిప్పాడు. అప్పుడు బరువు మధ్యలోకి వచ్చింది గానీ పని పెరిగింది. వెనక చక్రానికి బెల్టు తిరిగే పెద్ద చట్రం కట్టాలి. అది రవ్వంత పక్కకున్నా బెల్టు ఊడిపోతుంది. ఇంజను లాగే లాగుడంతా స్పోకుల మీదే పడుతుంది. బిగించిన క్లాంపు ఇంజను అదురుకి వదులవుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. వేగం రెండింతలైతే ఆపడానికి కావలసిన శక్తి నాలుగింతలు. రిమ్ముని పట్టుకునే ఆ రబ్బరు ముక్కల్ని చేసింది మనిషి కాళ్ళ బలానికి, ఇంజనుకి కాదు.

ఇవన్నీ చూసి సరిచేసేది ఫ్యాక్టరీలో ఇంజనీరు కాదు, సైకిల్ షాపువాడు. హోండాకి ఇది చిన్నప్పట్నుంచీ తెలిసిన లోకం. తండ్రి కమ్మరి పని చేస్తూ సైకిల్ రిపేర్లలోకి దిగినవాడు.

ఇదే సమయంలో ఇటలీలోనూ ఇదే కథ నడిచింది. రేడియోలు చేసే డుకాటి ఫ్యాక్టరీ 1944 బాంబుదాడిలో నేలమట్టమైంది. యుద్ధం తర్వాత వాళ్ళు చేతికెత్తుకున్నది కుచ్చొలో అనే 48 సీసీ సైకిలు ఇంజను. ఆ పేరుకి అర్థం కుక్కపిల్ల. ఓడిన రెండు దేశాల్లోనూ జనం దగ్గర మిగిలిన బండి సైకిలే. దాన్ని పారేయకుండా వేగం పెంచగలిగింది ఈ ఇంజనొక్కటే.

సైకిల్ షాపు విలువ బాగా కనిపెట్టినవాడు హోండా భాగస్వామి తకేయో ఫుజిసవా. 1952లో కబ్ ఎఫ్ అనే కొత్త ఇంజను వచ్చింది. తెల్లటి టాంకు, ఎర్రటి ఇంజను, వెనక చక్రం పక్కనే బిగింపు. దాన్ని అమ్మడానికి మోటర్ సైకిలు డీలర్ల దగ్గరకి పోకుండా, దేశంలోని సుమారు 50 వేల సైకిల్ షాపులకి ఉత్తరాలు రాశాడు. మీ పెద్దలు ఒకప్పుడు విదేశీ సైకిళ్ళు ధైర్యంగా అమ్మారు, ఇప్పుడు ఇంజనున్న సైకిలు వంతు వచ్చింది అన్నది ఆ ఉత్తరాల సారాంశం. దాదాపు 13 వేల షాపులు ముందుకొచ్చాయి. దీన్ని అమ్మకాల తెలివిగా మెచ్చుకుంటారు. నాకనిపించేది వేరు. అట్టపెట్టెలో వెళ్ళిన ఇంజను బండి కాదు. షాపులో ఎవరో స్పానరు పట్టుకుని కూర్చుంటేనే అది బండి. అంటే ఫ్యాక్టరీలో ఆఖరి గది ఆ 13 వేల షాపుల్లో ఉందన్నమాట. అక్కడ పనిచేసిన వాళ్ళ పేర్లు ఏ కంపెనీ చరిత్రలోనూ లేవు.

ఆ ఇంజన్ల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 1958లో హోండా సూపర్ కబ్ వచ్చింది, 2017 నాటికి అలాంటివి పది కోట్లు తయారయ్యాయి. బటబట మాత్రం మ్యూజియం వస్తువైంది.

మన దగ్గరకి ఈ సంకరజాతి ఆలస్యంగా, ఫ్యాక్టరీలోనే పూర్తయిన బండి రూపంలో వచ్చింది. 1972లో కైనెటిక్ వాళ్ళ లూనా, 1980లో టీవీఎస్ 50. రెండింటికీ పెడళ్ళుండేవి. స్టార్ట్ చెయ్యాలంటే తొక్కాలి, ఎత్తు ఎక్కలేకపోతే తొక్కాలి, పెట్రోలైపోతే మరీ తొక్కాలి. సైకిలు ఇంకా తన హక్కు వదులుకోలేదన్నట్టు ఉండేది. 1984లో హోండా మన దేశంలో మోటర్ సైకిళ్ళ కోసం చెయ్యి కలిపింది కూడా సైకిళ్ళు చేసే హీరో వాళ్ళతోనే.

ఇవాళ పెట్రోలు ఇంజను బదులు బ్యాటరీ, మోటారు కిట్లు వచ్చాయి. పొగ లేదు, నూనె చిమ్మదు, చప్పుడూ లేదు. కానీ ఏ పాత సైకిలుకైనా దాన్ని తగిలించే ముందు చూడాల్సినవి మారలేదు. స్పోకులు గట్టిగా ఉన్నాయా, ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళున్నాయా, బ్రేకు పట్టుకుంటుందా? కిట్టు పెట్టె మీద వేగం ఎంతో రాసి ఉంటుంది. మన సైకిలు అంత వేగాన్ని తట్టుకుంటుందో లేదో ఆ పెట్టెకి తెలీదు. అది చెప్పగలిగినవాడు ఇప్పటికీ పంచర్లు వేసే ఆ షాపులోనే కూర్చుని ఉన్నాడు.