స్థానికత (ఆంధ్ర ప్రదేశ్)

స్థానికత అనగా ప్రభుత్వోద్యోగాలలోను, విద్యాసంస్థల ప్రవేశాలలోను ఒక వ్యక్తిని ఏ ప్రాంతానికి చెందినవాడిగా పరిగణించాలో తెలిపే చట్టపరమైన హోదా. భారత రాజ్యాంగంలోని 371-డి అధికరణం దీనికి ఆధారం. దేశమంతటికీ పౌరసత్వం ఒక్కటే. ఉద్యోగాలలో జన్మస్థలాన్ని బట్టి వివక్ష చూపరాదని 16వ అధికరణం చెబుతుంది. నివాస నిబంధన విధించే అధికారాన్ని మాత్రం పార్లమెంటుకు ఇస్తుంది. హక్కు పుట్టుకతో వస్తుందా, నివాసంతో వస్తుందా అన్న వివాదం తెలుగునాట రాజ్యాంగ సవరణ దాకా వెళ్ళింది.

ముల్కీ నిబంధనలు

హైదరాబాదు సంస్థానంలో 1919లో వచ్చిన ఈ నిబంధనల ప్రకారం పుట్టుకతో సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. బయటినుండి వచ్చినవారికి 15 సంవత్సరాల స్థిరనివాసం కావాలి. ఆదోని ఒకప్పుడు నిజాము సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు. అయితే 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ పాలనలోకి పోయి, తరువాత బళ్ళారి జిల్లాలో భాగమైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. ఈ కారణంగా 1956 తరువాత రాజధాని హైదరాబాదులో ఆదోని, ఎమ్మిగనూరు వాసులు నాన్-ముల్కీలుగానే మిగిలారు.

రాజ్యాంగ సవరణ

రాష్ట్రంలోని ఒక భాగానికి మాత్రమే నివాస నిబంధన విధించడం చెల్లదని సుప్రీం కోర్టు 1969లో తీర్పు చెప్పింది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పునిచ్చింది. దానితో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. 32వ సవరణ ద్వారా వచ్చిన 371-డి అధికరణం 1974 జూలై 1 నుండి అమలైంది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి.

స్థానికత నిర్ణయం

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుట్టిన ఊరిని అడగదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. కర్నూలు జిల్లా నాలుగవ జోనులో ఉండేది. గుమాస్తా స్థాయి ఉద్యోగాలలో 80 శాతం జిల్లా స్థానికులకు కేటాయించారు. విద్యా ప్రవేశాలలో స్థానికుల వాటా 85 శాతం.

సరిహద్దు తాలూకాలలో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. బళ్ళారిలో పుట్టి ఏడు నుండి పది వరకు ఆదోనిలో చదివినవాడు, పదవ తరగతి అర్హత గల ఉద్యోగానికి కర్నూలు జిల్లా స్థానికుడవుతాడు. ఆదోనిలో పుట్టి ఆ చదువంతా బళ్ళారిలోనో, రాయచూరులోనో సాగించినవాడు సాధారణంగా స్థానికేతరుడు. అసలు బడి చదువు సాగనివారు నాలుగేళ్ళ నివాసాన్ని చూపించాలి. మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాల పిల్లలకు ఇదే పెద్ద చిక్కు. బడి మానిన కాలానికి స్టడీ సర్టిఫికెట్టు ఉండదు, ఊరిలో లేని నెలలకు నివాసం చూపడం కష్టం.

2014 పునర్విభజన చట్టం 371-డి అధికరణాన్ని రెండు రాష్ట్రాలకూ వర్తింపజేసింది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది.