జోకొట్టిన చేతులు

బంజారాహిల్స్ అన్నప్పుడల్లా హైదరాబాద్ నగరం మన పేరే పలుకుతోంది. ఆ గుట్టల మీద ఒకప్పుడు బంజారాలు, అంటే మన లంబాడీలు, ఉండేవారు. నిజాం కాలపు ఉన్నతాధికారి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను పగలగొట్టకుండా వాటిని కలుపుకునే ఇల్లు కట్టుకుని, ఆ చోటికి వాళ్ళ పేరే పెట్టాడు. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడ అతిథిగా ఉన్నాడు. ఆ బండల గుట్టలే ముందుకు సాగితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఇవాళ పేరు మిగిలింది, తండా లేదు.

ఈ గుట్టల చరిత్రను బంగళాలతో, స్టూడియోలతో చెప్పడం అందరూ చేసేదే. నేను ఒక చిన్న ప్రశ్నతో చూడాలనుకుంటున్నాను. ఈ గుట్టల మీద రాత్రిపూట నిద్రపట్టక ఏడ్చే పసిబిడ్డను ఎవరు, ఎలా నిద్రపుచ్చారు? రాజుల చరిత్రలో ఈ ప్రశ్నకు చోటు లేదు. మన చరిత్రలో ఉండాలి.

రైళ్ళు, రోడ్లు రాకముందు బంజారాలు పెరికె ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. సైన్యాలకు తిండిగింజలు చేరవేశారు. కుటుంబాలకు కుటుంబాలే బిడారుతో నడిచేవి. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. అలాంటి బతుకులో పిల్లకు ఇల్లంటే గోడలు కావు. తల్లి ఒడి, ఆమె చెయ్యి, ఆమె గొంతు. ఈ మూడూ ఉంటే ఏ చెట్టు కిందైనా నిద్ర వస్తుంది. తెలుగులో ‘జోకొట్టడం’ అనే మాటలో ఇదంతా ఉంది. ‘జో’ గొంతుది, ‘కొట్టడం’ చేతిది. రెండూ ఒకే లయలో సాగాలి.

తెలుగు సాహిత్యం ఆ జోలను చాలా ముందే రాసిపెట్టుకుంది. అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరుణ్ణి పసివాడిగా చేసి జోలలు, లాలులు కట్టాడు. ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి అవి వందల ఏళ్ళు తిరుమలలో భద్రంగా ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో నీలాంబరి రాగాన్ని జోలపాటల రాగంగానే చెప్పుకుంటారు. రాగిరేకు దొరికిన జోల బతికింది. నోటి మీదే ఉన్న జోల పాడే మనిషితో పోయింది. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత జోలను సినిమా అందుకుంది. మొదట్లో తెలుగు సినిమా ఎక్కువగా మద్రాసులో తయారయ్యేది. అది హైదరాబాద్‌కు తరలివచ్చే రోజుల్లో ఈ గుట్టల మీద స్టూడియోలు లేచాయి. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైంది. తర్వాత నటుడు కృష్ణ పద్మాలయా స్టూడియో, నిర్మాత డి. రామానాయుడు స్టూడియో వచ్చాయి. సినిమా కుటుంబాలు చుట్టూ ఇళ్ళు కట్టుకున్నాయి. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘స్వాతిముత్యం’లో సి. నారాయణరెడ్డి రాసిన లాలిపాట ఇళయరాజా సంగీతంలో ఊరూరికీ చేరింది. పి. సుశీల గొంతు రేడియోలోంచి, క్యాసెట్లలోంచి వచ్చి ఎన్నో ఇళ్ళలో పిల్లలను నిద్రపుచ్చింది. మా తండాలోనూ నిద్రపుచ్చింది. అది మంచి పాట. కానీ ఆ పాట వచ్చాక మా యాడీలు తమ పాటలను కొంచెం సిగ్గుతో, కొంచెం మెల్లగా పాడసాగారు.

అదే కాలంలో ఈ గుట్టల మీద ఇంకో జోల కూడా సాగింది. నగరంలో బంగళాలు, రోడ్లు కట్టడానికి పాలమూరు నుంచి కూలీలు గుంపులుగా వచ్చారు. వారిలో లంబాడీలు ఎందరో. తల్లి ఇసుక తట్ట మోస్తుంటే బిడ్డ చీర ఉయ్యాలలో ఉండేది. రెండు కర్రల మధ్య కట్టిన పాత చీరే తొట్టెల. ఆరేళ్ళ అక్క దాన్ని ఊపేది. కట్టిన ఇంటి ముందు ఫలకం మీద కూలీల పేర్లు చెక్కరు. ఆ చెల్లెలిని ఊపిన అక్క బడికి పోలేదన్న మాట అసలే చెక్కరు.

జోకొట్టే చేతికి తీరిక లేకపోతే ఏమవుతుందో బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చెబుతుంది. అక్కడ పనికి పోయే తల్లులు పసివాళ్ళకు నల్లమందు కలిపిన బాలగోళీలు వేసి పడుకోబెట్టేవారు. వాళ్ళు చెడ్డ తల్లులు కారు. బిడ్డను చూసే మనిషి లేక, పని మానితే కూలి లేక అలా చేశారు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లల కోసం గాలి, వెలుతురు ఉన్న శుభ్రమైన గది ఉండాలని చెప్పింది. పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన స్త్రీలు వారిని చూసుకోవాలని కూడా చెప్పింది. మన ఊళ్ళ నుంచి వలసపోయేవాళ్ళకు ఈ సంగతి చదువుకున్న యువతరం చెప్పాలి. పిల్ల నిద్ర తల్లి ఓపికకు మాత్రమే సంబంధించింది కాదు, అది హక్కు కూడా.

ఇప్పుడు నల్లమందు పోయి ఫోన్ వచ్చింది. ఏడ్చే బిడ్డ చేతిలో పెడితే ఊరుకుంటుంది. కానీ తెర వెలుగు, నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది. ఊరుకోవడం వేరు, నిద్రపోవడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే చూపకూడదు.

మన యాడీలకు చేతివాటంగా తెలిసినదాన్ని శాస్త్రం కూడా తర్వాత చూసింది. అమెరికాలో 1980లో జరిగిన ఒక ప్రయోగంలో అప్పుడే పుట్టిన పిల్లలు వేరే ఆడవాళ్ళ గొంతు కంటే తల్లి గొంతునే కోరుకున్నారు. 1993లో ఇంకో ప్రయోగంలో రెండు రోజుల పసికందులు పరాయి భాష కంటే తల్లి భాష వినడానికే మొగ్గారు. అంటే బిడ్డ కడుపులోనే తన భాషను విని వస్తుంది. నిద్రకు ముందు ఆ భాష వినబడితే, తాను తనవాళ్ళ దగ్గరే ఉన్నానని దానికి తెలుస్తుంది.

ఈ మాట నాకు పుస్తకం చెప్పకముందే హాస్టల్ చెప్పింది. మొదటి రాత్రి దీపాలు ఆర్పాక ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు, తర్వాత గది అంతా ఏడ్చేది. “నిశ్శబ్దం” అని తెలుగులో ఒక అరుపు వినబడేది. ఆ మాటకు అర్థం కూడా మాకు అప్పటికి తెలియదు. పక్క తండా నుంచి వచ్చిన పెద్ద పిల్ల ఒకతె నా చాప పక్కన కూర్చుని, గోర్‌బోలిలో ఏదో గొణుగుతూ వీపు మీద మెల్లగా తట్టింది. అంతే, నిద్రపట్టింది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన ఆరేడేళ్ళ పిల్లల విషయంలో మనం చేయగలిగినవి పెద్ద ఖర్చు పనులు కావు. రోజూ ఒకే వేళకు పడుకోబెట్టాలి. అంతకు ముందు గంటసేపు టీవీ, ఫోన్ ఆపి, దీపం తగ్గించాలి. అదే భాష మాట్లాడే పెద్ద పిల్లను పక్కన పడుకోనివ్వాలి. రోజూ ఒకే పాటో, కథో ఉండాలి, అది పిల్ల ఇంటి భాషలో ఉండాలి. పక్క తడిపితే నలుగురిలో తిట్టకూడదు. చాలా రోజులైనా నిద్రపట్టకపోతే ఆకలో, జ్వరమో, భయమో అని అడిగి చూసి, డాక్టరుకు చూపాలి.

మన భాషలను కాగితం మీదికి తెచ్చే పని కొత్తది కాదు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని వాచకాలు, నిఘంటువు తయారుచేశాడు. 1940లలో హైమెండార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండి భాషలో చదువు మొదలైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య తెచ్చారు. బడి పుస్తకం పొద్దున్నే తెరిచేది. రాత్రి పుస్తకం ఇంకా రాయాలి.

సెలవులకు ఇంటికి పోయిన ప్రతి విద్యార్థీ తన నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో కూర్చుని ఒక్క జోలపాట రాసుకుని రావాలి. తెలుగు లిపిలోనే రాయండి. పాడినామె పేరు, ఊరు, తేదీ కింద రాయండి. మనకు రాగిరేకులు లేవు, నోటుపుస్తకం ఉంది. బంజారాహిల్స్‌లో మన పేరు మాత్రమే మిగిలింది. మన జోల విషయంలో అలా జరగనివ్వకూడదు.