చెవిలో సూది, ఒంట్లో బరువు

రెండో కాన్పయ్యాక 78 కిలోలకి వచ్చాను. "చెవిలో సూదులు గుచ్చితే ఆకలి చచ్చిపోద్దంట వదినా" అంది మా ఆడపడుచు. డబ్బు కట్టేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను.

మన దేశానికి ఈ సూది బరువు కోసం రాలేదండీ. 1938లో, జపానుతో యుద్ధంలో ఉన్న చైనాకి సాయం చేయడానికి వెళ్ళిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నీస్ అందరికీ తెలుసు. వారిలోనే బిజయ్ కుమార్ బసు ఒకరు. ఆయన తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి, 1959లో కలకత్తాలో వైద్యం మొదలెట్టారు. చెవి సంగతి వేరు. ఫ్రాన్సులో పాల్ నోజియే అనే డాక్టరు 1950లలో చెవిని, కడుపులో తలకిందులుగా ఉన్న బిడ్డలా ఊహించి పటం గీశారు. బరువుకి చెవిలో పెట్టే సూదులు ఎక్కువగా ఆ దారిలోవే.

నిజం సూదినీ ఉత్తుత్తి సూదినీ పోల్చి చూసిన పరిశోధనలున్నాయి. కొన్నిట్లో ఆడవాళ్ళు కాస్త తగ్గారు, కొన్నిట్లో తేడా లేదు. చాలావాటిలో తిండి కూడా తగ్గించారు మరి!

అత్తయ్యగారికి చెప్తే, "చిన్నప్పుడు నీకు చెవులు కుట్టించారుగా, ఆకలేమన్నా తగ్గిందా?" అన్నారు.

థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. సాయంత్రాలు భీమేశ్వరస్వామి గుడి దాకా నడుస్తున్నాను. నిన్నటికి 76.